కొండమీది జర్మను

నోవా పొమెరా ఊళ్ళో జర్మను వాళ్ళకు కొదవ లేదు. తాతముత్తాతలు ఓడల్లో వచ్చి, దక్షిణాదిన సాంతా కతరీనా అడవులు కొట్టి ఇళ్ళు కట్టుకున్న కుటుంబాలే ఊళ్ళో సగానికి పైన ఉంటాయి. అయినా "జర్మను" అని ఒక్క మాట అంటే ఆ ఊళ్ళో అందరికీ గుర్తొచ్చేది దెరాల్దో సక్రమెంతో ఒక్కడే. దెరాల్దో ఉత్తరాదిన ఉన్న బయీయా మనిషి. డికాక్షను రంగు, రింగుల జుట్టు, నవ్వితే తెల్లగా మెరిసే పలువరస. ఆ పేరు అతనికి పెట్టింది కొండవాడ జనం, పెట్టింది వెక్కిరించడానికే. అతను మాత్రం దాన్ని బిరుదు కింద పుచ్చుకున్నాడు.

కుర్రతనంలో చలికి పనికిరాని బట్టలు నాలుగు సంచిలో వేసుకుని, ఉత్తరాది నుంచి రోజుల తరబడి బస్సులు మారి దిగాడు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే అల్లికబట్టల మిల్లు గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. అప్పటినుంచీ ఆ గేటు దగ్గరే ఉన్నాడు. గేటు తెరిచేవాడు, మూసేవాడు, లోపలికి పోయేవాళ్ళని కిందనుంచి పైదాకా చూసేవాడు. మూయడంలో అతనికి ఎక్కువ సరదా ఉండేదని పనివాళ్ళు చెప్పుకునేవారు.

ఇల్లు కొండవాడలో కట్టుకున్నాడు. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడే కట్టుకుంటారు, చవక కాబట్టి. కానీ అతని ఇల్లు మాత్రం కొండకంతటికీ వేరుగా ఉండేది. ఊళ్ళో పాత జర్మను ఇళ్ళకు గోడల్లో అడ్డంగా నిలువుగా దూలాలు కనిపిస్తాయి గదా, దెరాల్దో తన సిమెంటు గోడకు తెల్ల సున్నం కొట్టి, దానిమీద గోధుమరంగు పట్టీలు గీసుకున్నాడు. దూరం నుంచి చూస్తే దూలాలే. వానాకాలం వస్తే ఆ దూలాలు కారిపోయి కిటికీల కిందకు జారేవి. వాన తగ్గాక నిచ్చెన వేసుకుని మళ్ళీ గీసేవాడు.

"దూలాలు కారిపోయే ఇల్లు ఈ లోకంలో మాదొక్కటే," అనేది అతని భార్య నాల్వా. ఆమెదీ బయీయానే. మిల్లులో గుండీలు కుట్టేది. మొగుడు దెందే నూనెను ఇంట్లోంచి వెలివేశాడు. తాటిజాతి పళ్ళనుంచి తీసే ఆ ఎర్రటి నూనె లేకపోతే బయీయావాళ్ళకు ముద్ద దిగదు. "ఆ వాసనతో ఊరంతా మనల్ని కనిపెట్టేస్తారు," అని అతని వాదన. నాల్వా ఆ సీసాను బట్టల సబ్బు వెనక దాచుకుంది. సీసా అక్కడుందని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. ఆ కాపురం అలా సుఖంగా సాగుతూ ఉండేది.

ఇలాంటి మనిషి ఎగోన్ రైంకె పార్టీలో ఎందుకు చేరాడని బయటివాళ్ళు వింతగా అడుగుతారు. రైంకెకు కలప మిల్లుంది. తుపాకీ గురి సంఘానికి అధ్యక్షుడు, మేయరు పదవికి పోటీదారు. అతని పార్టీకి చెప్పుకోవడానికి ఒకే పథకం ఉంది. బస్టాండులో ఒక బల్ల వేసి, ఉత్తరాది నుంచి పనిలేకుండా దిగేవాణ్ణి దిగినట్టే తిరుగు బస్సెక్కించడం. అంటే కుర్రతనంలో దిగిన దెరాల్దోను కూడా ఎక్కించడమే. ఈ లెక్క కొండమీద అందరికీ అర్థమైంది, దెరాల్దోకు తప్ప.

తప్పు అతనొక్కడిదే అనను. ఊళ్ళో ఎక్కడో ఒక సైకిలు పోతుంది. మర్నాడు రొట్టెల కొట్లో నిలబడితే పదిమంది కళ్ళు అతనివైపే తిరుగుతాయి. సైకిలెత్తుకుపోయినవాడికీ తనకూ సంబంధం లేదని చెప్పుకోవడానికి అతనికి ఒక్కటే దారి కనిపించింది, అందరికంటే ముందు తనే అరవడం. "ఆ ఉత్తరాదోళ్ళని తరిమెయ్యాలండీ," అని అతను గట్టిగా అన్నరోజు రొట్టెల కొట్టావిడ మొదటిసారి అతనికి వేడి రొట్టె ఏరి ఇచ్చింది. వేడి రొట్టె రుచి అలాంటిది. పైగా అతని చిన్నపిల్లకు జ్వరం ముదిరితే రైంకె తన కారులో ఆస్పత్రికి తీసుకుపోయాడు. పేరు పెట్టి పిలిచి, చెయ్యి కలిపి, గురి సంఘంలో సభ్యత్వం ఇప్పించాడు. సంఘం వాళ్ళ ఈకల టోపీ పెట్టుకున్న మొదటి ఆదివారం, ఎప్పుడూ ఆపి కాగితాలడిగే పోలీసు అతనికి సలాం కొట్టాడు. ఆ సలాం దెరాల్దో జన్మలో మరిచిపోలేదు. నేనైనా మరిచిపోయేవాణ్ణి కాదు.

అందుకే ఎన్నికల ముందు రైంకె వచ్చి, "దెరాల్దో, ఈ మాటలు నేనంటే పత్రికలవాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తారు. నువ్వంటే ఒక్కడికీ నోరు లేవదు," అన్నప్పుడు అతను మూరెడు పొడుగు పెరిగాడు. మైకులో మాట్లాడి రికార్డు చేయించాడు. తన మాట అచ్చం దక్షిణాదిలా ఉంటుందని అతని నమ్మకం. ఆ రోజు నుంచీ పార్టీ కారు ఊరంతా తిరుగుతూ అతని గొంతు వినిపించేది.

"సోదర సోదరీమణులారా, నేను గేటు కాపలా దెరాల్దోను మాట్లాడుతున్నాను. మన చక్కటి ఊరికి పనీపాటా నేకుండా ఒచ్చినోల్లని ఒచ్చిన బస్సులోనే ఎనక్కి పంపేయాల. మర్యాదస్తుడన్నోడు ఈ కొండవాడలో కాలెట్టగలడేటి? ఎగోన్ రైంకె గారికే మీ ఓటు."

మొదటి ముక్క దక్షిణాదే. తక్కినదంతా బయీయా. టైర్లకు పంచర్లేసే జిల్దాజియో అది విన్నరోజు పానా కింద పారేసి రోడ్డుమీద కూలబడి నవ్వాడు.

అయితే మన కథ మైకు గురించి కాదు, రాజు గురించి.

గురి సంఘంలో ఏటా పోటీ జరుగుతుంది. గురి తప్పనివాడు ఆ ఏటికి రాజు. మరుసటేడు పండగనాడు సంఘమంతా జెండాలతో, బాకాలతో ఊరేగింపుగా రాజుగారింటికి వెళ్ళాలి. ఆయన పెట్టిన తిండి తిని, ఆయన పోసిన బీరు తాగి, రంగులేసిన గురిపలకను ఆయన ఇంటి ముందుగోడకు మేకులతో కొట్టి, అప్పుడు ఆయన్ని వెంటబెట్టుకుని సంఘం భవనానికి రావాలి. ఊళ్ళో పాత ఇళ్ళ గోడలకు అలాంటి పలకలు వరసగా ఉంటాయి. ఆ పలక ఒక్కటి గోడమీదుంటే ఆ ఇల్లు ఈ ఊరిదేనని ఎవరికీ చెప్పక్కర్లేదు. దెరాల్దోకు కావలసింది అదొక్కటే. దూలాలు గీసింది ఆ గోడకోసమే. రైంకెకు గొంతు అరువిచ్చిందీ ఆ గోడకోసమే.

కిందటేడు అతను గెలిచాడు. నిజంగానే గెలిచాడు, ఎవరి దయా లేదు. గేటు దగ్గర నిలబడి నిలబడి కదలకుండా ఉండటం అతనికి అబ్బింది. ఆ గుండు నడిబొడ్డున తగిలితే సంఘంలో కాసేపు చప్పట్లు కొట్టడం మరిచిపోయారు. తర్వాత కొట్టారు.

పండగ ముందు గురువారం రైంకె వచ్చి బట్టల మిల్లు గేటు దగ్గర కారు ఆపాడు.

"శనివారం సంగతి మాట్లాడదామని, దెరాల్దో."

"అంతా సిద్ధమండీ. గోడకు మేకుల చోటు కూడా గుర్తు పెట్టేశాను."

"అదే. ఈసారి నిన్ను మా కలప మిల్లు ఆఫీసు దగ్గర నుంచి తీసుకెళ్దామనుకుంటున్నాం."

"నా ఇల్లు అక్కడ లేదు కదండీ."

"కొండ బాగా ఎక్కుడు. బాకా వాయించే ఓట్టోకు మొన్ననే గుండె ఆపరేషనైంది."

"నాకు ముందు రాజుగారిల్లు ఇంకా ఎత్తులో ఉందండీ. ఓట్టోగారు ఎక్కుతూ వాయించారు, దిగుతూ వాయించారు."

రైంకె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మైకులో ఏం వస్తోందో నీకు తెలీదా? మర్యాదస్తుడు కొండవాడలో కాలు పెట్టలేడని రోజంతా తిప్పుతున్నాం. అలా చెప్పి మేమే బాజాలు వాయించుకుంటూ ఎక్కితే జనం ఏమనుకుంటారు? ఆ మాట అన్నది నువ్వే కదా."

"అది నేను పైవాడ గురించి అన్నానండీ."

"మరి నీ ఇల్లెక్కడ?"

దెరాల్దో కాసేపు ఆలోచించాడు. "పైవాడలో కింది భాగమండీ."

రైంకె నిట్టూర్చాడు. అప్పుడు దెరాల్దో తన జీవితంలో మొదటిసారి అతనికి ఎదురు చెప్పాడు. "రాజును ఇంటినుంచే తేవాలండీ. ఇంటినుంచి తేకపోతే వాడు రాజెలా అవుతాడు? ఇది మీ తాతలు పెట్టిన ఆచారం, నేను పెట్టింది కాదు."

"చూద్దాంలే," అని రైంకె కారెక్కాడు.

చూద్దాం అంటే వస్తామని అర్థం చేసుకుని దెరాల్దో శుక్రవారం సెలవు పెట్టి కొండమీద ఇల్లిల్లూ తిరిగాడు. ఊరేగింపు వచ్చేవేళకు తీగలమీద బట్టలుండకూడదు. మగవాళ్ళు చొక్కాలు తొడుక్కోవాలి. పాటలు పెట్టకూడదు. కుక్కల్ని కట్టేయాలి. అందరూ వింతగా చూశారు. పక్కింట్లో జుల్మీరా ఒక్కతే నడుముమీద చెయ్యేసుకుని నిలబడింది. ఆమె వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. ఆమెదీ బయీయానే, అతని సొంత జిల్లా. మిల్లులో నేల తుడిచే పని. గేటు దగ్గర అతను ఆమె సంచీని అందరి సంచులకంటే ఎక్కువసేపు వెతికేవాడు.

"బట్టలు తీసేత్తాను," అంది జుల్మీరా. "మొహాలు కూడా తీసి లోపలెట్టేయమంటావేటి?"

"తలుపేసుకుంటే చాలు," అన్నాడు దెరాల్దో. అతనికి వెటకారం పట్టించుకునే తీరిక లేదు.

శనివారం పొద్దున ఇంటిముందు బల్లలు పడ్డాయి. పొగపెట్టిన పందిమాంసం, పులియబెట్టిన క్యాబేజీ, బంగాళాదుంపల సలాడు, పైన చక్కెర పొడి రాలే అరటిపండ్ల కూకా రొట్టెలు. మంచుగడ్డల్లో బీరు. దెరాల్దో ఆకుపచ్చ కోటు తొడిగి, పాత రాజుల వెండి బిళ్ళలు వేలాడే గొలుసు మెడలో వేసుకుని, ఈకల టోపీ సర్దుకుని అరుగుమీద కుర్చీలో కూర్చున్నాడు. కదిలితే బిళ్ళలు గలగలమంటున్నాయి. అందుకని కదల్లేదు.

"కాసిన్ని నీళ్ళు తాగు," అంది నాల్వా.

"వాళ్ళొచ్చాక తాగుతాను."

కిందనుంచి బాకాలు వినిపించాయి. దెరాల్దో లేచి నిలబడ్డాడు. జెండాలు వీధి మలుపు తిరిగాయి, వాగు మీది వంతెన దాకా వచ్చాయి, అక్కడ ఆగాయి. రాజుగారి పాట వాయించారు. మళ్ళీ వాయించారు. కిటికీల వెనక కొండవాడ అంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. చొక్కాలు తొడుక్కున్న మగవాళ్ళు ఉక్కపోతకు చెమటలు కక్కుతున్నారు.

ఫోను మోగింది.

"దెరాల్దో, వంతెన దగ్గరున్నాం. దిగిరా."

"నేను దిగకూడదండీ. మీరే ఎక్కాలి."

"మొండికెయ్యకు. అందరూ నిలబడున్నారు."

"ఇక్కడ బల్లలు వేశానండీ. మా ఆవిడ రెండు రోజులనుంచీ వండుతోంది."

"ఫొటోలవాళ్ళు మా కలప మిల్లు దగ్గర కాచుకునున్నారయ్యా. ఇలా ఇబ్బంది పెడితే ఎలా?"

"ఒక్కసారి ఎక్కండి రైంకె గారూ. దగ్గరే. ఇక్కణ్ణుంచి ఓట్టోగారి మీసాలు కూడా కనిపిస్తున్నాయి."

అవతల ఫోను పెట్టేశారు. బాకాలు మరోసారి మోగాయి, ఈసారి సగంలో ఆగిపోయాయి. జెండాలు వెనక్కి తిరిగాయి. ఎవరో గురిపలకను వంతెన కమ్మీకి ఆనించి వదిలేసి వెళ్ళిపోయారు. పాట చిన్నదై, చిన్నదై, మలుపు దగ్గర అయిపోయింది. దెరాల్దో నిలబడే ఉన్నాడు. కూర్చుంటే బిళ్ళలు చప్పుడు చేస్తాయని కాబోలు.

చెప్పొద్దూ, ఆ పూట కొండమీద ఎవరికీ నవ్వు రాలేదు. అన్నాళ్ళు అతని మీద నవ్వినవాళ్ళే. అంత ముస్తాబై నిలబడ్డ మనిషిని అలా వదిలేసి పోవడం అందరూ కిటికీల్లోంచి చూశారు.

మొదట తలుపు తీసింది జుల్మీరా. "బావున్నాది వరస," అని బల్ల దగ్గరకొచ్చి కుండ మూత తీసి చూసింది. "నాల్వక్కా, ఇదంతా ఎవులు తింతారు? ఇంత వండి పారబోత్తావేటి?"

"నిన్ను తలుపేసుకోమన్నాను," అన్నాడు దెరాల్దో.

"ఏసినాను. తీసినాను. నీ ఊరేగింపు ఎల్లిపోనాది గదా." ఆమె పళ్ళెం అందుకుంది.

ఆమె వెనక ఒకరొకరుగా దిగారు. చొక్కాలు విప్పుకుంటూ దిగారు. కుక్కలు కూడా వచ్చాయి. పులిసిన క్యాబేజీ నోట్లో పెట్టుకుని ఒకాయన, "పాడైపోయినట్టున్నాది," అన్నాడు మర్యాదగా. నాల్వా లోపలికి పోయి, సబ్బు వెనకనుంచి సీసా తీసుకొచ్చి బల్లమీద అందరికీ కనిపించేలా పెట్టింది. పందిమాంసం మీద ఎర్ర నూనె చుట్టూ తిప్పి పోసింది. దెరాల్దో చూశాడు.

ఈలోగా జిల్దాజియో వంతెన దాకా దిగి, గురిపలకను తలమీద పెట్టుకుని ఎక్కొచ్చాడు. అందరూ మూగారు. పలకమీద చక్కటి బొమ్మ. పచ్చటి లోయ, దూలాల ఇల్లు, కిటికీల్లో ఎర్రపూలు, ఇంటి ముందు ఆకుపచ్చ కోటులో రాజు. కింద వంకర్ల జర్మను అక్షరాల్లో దెరాల్దో పేరు. రాజు మొహం మాత్రం గులాబీ రంగులో నిగనిగలాడుతోంది. సంఘం చిత్రకారుడు ఏళ్ళ తరబడి రాజులందరికీ వేసిన రంగే ఇతనికీ వేసేశాడు.

"ఎవులీ పెద్దమనిసి?" అంది జుల్మీరా.

"నేను," అన్నాడు దెరాల్దో.

"జొరం గానీ వొచ్చిందేటి అప్పుడు?"

అప్పుడు నవ్వారు. ఆపుకుని ఆపుకుని ఉన్న నవ్వు. జిల్దాజియో పలక కింద పెట్టి మరీ నవ్వాడు. దెరాల్దో కోపంగా చూద్దామనుకున్నాడు. మూతి ఒక పక్కకు జారిపోయింది, తర్వాత రెండో పక్కకు, చివరికి అతనూ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాల్వా గోడ దూలాలకు మిగిలిన గోధుమరంగు డబ్బా తెచ్చి, కుంచెతో రాజుగారి మొహం మీద ఒక్క పూత వేసింది. సరిగ్గా సరిపోయింది.

గోడకు మేకులు కొట్టింది జుల్మీరాయే. ఆచారం ప్రకారం రాజును తేవడానికి వచ్చినవాళ్ళే కొట్టాలి. వచ్చింది వీళ్ళే కాబట్టి ఆచారం తప్పలేదని దెరాల్దో తర్వాత వాదించేవాడు.

ఆ సమయానికే వంతెన అవతల పార్టీ కారు వచ్చింది. "మర్యాదస్తుడన్నోడు ఈ కొండవాడలో కాలెట్టగలడేటి" అంటూ అతని గొంతు కొండంతా నిండింది. తింటున్నవాళ్ళు చేతులాపి అతని వైపు చూడలేక పళ్ళాల్లోకి చూశారు.

జుల్మీరా సుత్తి పక్కన పెట్టింది. "అన్నా, నేను బస్సు దిగిన్రోజు ఆ కారే తిరుగుతుండీది. దూరంనుంచి మాట తెలిసీది కాదు, యాస ఒక్కటే ఇనిపించీది. మా మేనమామ మాటాడినట్టుండీది. ఈ సలిలో మనోడొకడున్నాడురా దేవుడా అనుకున్నాను. మల్లీ బస్సెక్కి ఎల్లిపోదామని టిక్కెట్టుకి నిలబడినదాన్ని, ఆ గొంతు ఇని ఇటొచ్చేసినాను. సెప్పింది పొమ్మనేనని తరవాత తెలిసింది."

దెరాల్దో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సిగ్గేసిందని అతనే నాకు చెప్పాడు, సిగ్గు అంటే అలా ఉంటుందని అప్పటిదాకా తెలియదన్నాడు.

సోమవారం రైంకె దగ్గరకు పోయి తన గొంతు తీసేయమని అడిగాడు. "ఎన్నికలయ్యాక తీసేద్దాంలే," అన్నాడు రైంకె, కాగితాల్లోంచి తలెత్తకుండా. "నీది మంచి గొంతు."

దెరాల్దో మహాత్ముడైపోయాడని చెప్పను. ఇప్పటికీ ఇంకా ఉత్తరాన ఉన్న పారా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు చెత్త ఎక్కడ పడితే అక్కడ పారేస్తారని సణుగుతాడు. ఓటు ఎవరికి వేశాడో నాల్వాకు కూడా చెప్పలేదు. వానలకు దూలాలు కారితే మళ్ళీ గీస్తూనే ఉన్నాడు. కానీ గేటు దగ్గర సంచులు వెతకడం మానేశాడు. సాయంత్రాలు పలక కింద కుర్చీ వేసుకుని, జుల్మీరా దెందే నూనెలో వేయించే అలసంద బూరెల కోసం ఎదురుచూస్తుంటాడు.

ఎన్నికలయ్యేదాకా రోజూ ఆ వేళకే కారు వంతెన దగ్గరకు వచ్చేది.

"అన్నా," అని పొయ్యి దగ్గరనుంచే కేకేసేది జుల్మీరా, "కిందనుంచి నువ్వు అరుత్తున్నావు. నిన్ను ఎల్లిపొమ్మంటున్నావు."

"అరవనీయమ్మా," అనేవాడు దెరాల్దో, పళ్ళెం ఒళ్ళో సర్దుకుంటూ. "ఊరంతా తిరిగి అరిసీసి, ఆకలేత్తే ఆడు రావలిసింది ఈ కొండకే."